మేడ మీది గదికి కొన్ని పెడసరి సలహాలు

విశాఖపట్నంలో మేడ మీద ఓ గది ఖాళీగా ఉంటే ఇప్పుడు చుట్టాలు ఊరుకోవడం లేదు. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోయారు కదా, యాప్‌లో పెట్టెయ్యండి, రోజుకింతని వస్తుంది అంటున్నారు. ఎంవీపీ కాలనీలో, లాసన్స్ బేలో, పెదవాల్తేరులో, రుషికొండ పోయే దారిలో అలా పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొత్తగా పెడదామనుకునేవాళ్ళు వాళ్ళని సలహా అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. గేటుకి నంబర్ల తాళం పెట్టండి, మీరు లేవక్కర్లేదు. ఫొటోలు బాగా తీసేవాణ్ణి పిలిపించండి. పండగలకి రేటు రెండింతలు చెయ్యండి. రోగుల తాలూకు వాళ్ళని రానివ్వకండి. వెళ్ళేటప్పుడు ఐదు చుక్కలు వెయ్యమని అడిగి మరీ వేయించుకోండి.

నా సలహాలు వీటికి పూర్తిగా ఎదురు. డబ్బు ఒక్కటే చూసుకునేవాళ్ళకి ఇవి తప్పుడు సలహాలే. మా బావగారు కాగితం మీద లెక్కేసి, ఏడాదికి ఎంత పోతుందో చూపించారు కూడా. ఆ లెక్క సరైనదే. అయినా సరే, తాము ఉంటున్న ఇంట్లోనే ఒక గది, మహా అయితే రెండు గదులు ఇచ్చేవాళ్ళు చెయ్యాల్సింది ఇదేనని నా నమ్మకం.

అసలు ఈ పద్ధతి పుట్టిందే ఇంటివాళ్ళు ఇంట్లో ఉండగా. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రయాన్ చెస్కీ, జో గెబియా అనే ఇద్దరు కుర్రాళ్ళు ఇంటద్దె కట్టలేక అవస్థ పడుతున్నారు. ఊళ్ళో డిజైనర్ల సమావేశం, హోటళ్ళు నిండిపోయాయి. వాళ్ళు హాల్లో మూడు గాలి పరుపులు వేసి, రాత్రికి 80 డాలర్ల చొప్పున ముగ్గురికి చోటిచ్చారు. పొద్దున్నే ఫలహారం పెట్టారు, ఊరు చూపించారు. మరుసటి ఏడు ఎయిర్‌బీఎన్‌బీ మొదలైంది. మన కేంద్ర పర్యాటక శాఖవారి హోమ్‌స్టే పథకంలోనూ అదే షరతు ఉంది. యజమాని కుటుంబంతో ఆ ఇంట్లోనే ఉండాలి, ఇచ్చే గదులు ఆరు దాటకూడదు. ఇంటివాళ్ళు కనపడకుండా తప్పుకుంటే ఇక మిగిలేది చిన్న హోటలే. హోటలుగా పోటీకి దిగితే జగదాంబ సెంటర్లో లాడ్జీలవాళ్ళు ఆ పని మనకంటే బాగా చేస్తారు. వాళ్ళకి లిఫ్టు ఉంటుంది, రాత్రంతా మెలకువగా ఉండే మనిషి ఉంటాడు.

ప్రకటన రాసేటప్పుడు ముందు లోపాలు రాయండి. మొట్టమొదటి ఫొటో బయటి మెట్లది పెట్టండి. మెట్లు ఎన్నో లెక్కపెట్టి రాయండి, లిఫ్టు లేదని రాయండి. సముద్రం కనపడకపోతే ‘సముద్రం కనపడదు’ అని ఆ మాటే రాయండి. మన ఊళ్ళో డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, మెడ చాచితే రెండు అపార్టుమెంట్ల మధ్య సన్నగా నీలం గీత కనిపించే ఇళ్ళు కూడా సీ వ్యూ అని రాసుకుంటున్నాయి. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు పట్టి ఉంటాయి, రాయండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోతకి పక్కబట్టలు తడిసిపోతాయి, ఏసీ లేకపోతే నిద్ర పట్టదు, రాయండి. పొద్దున్న ఐదింటికి మోటారు వేస్తారా, వీధి చివర గుడిలో మైకు ఉందా, పక్క స్థలంలో అపార్టుమెంటు లేస్తోందా, రాత్రి కుక్కలు అరుస్తాయా, అన్నీ రాయండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తల స్నానానికి జుట్టు అట్ట కడుతుందని రాయండి. ఇది చదివి సగంమంది పక్క ఇల్లు చూసుకుంటారు. పోనివ్వండి. వాళ్ళు వచ్చి ఉంటే అదే మైకు గురించి రాత్రి పదకొండింటికి మీ తలుపు కొట్టేవాళ్ళు. తెలిసి వచ్చినవాళ్ళు పొద్దున మైకు వినగానే ఇదేనా మీరు రాసింది అని అడుగుతారు, అంతే.

ఇక గది. చాలామంది ఇళ్ళలో అద్దెకిచ్చేది ఎవరికీ అక్కర్లేని గది. పాత కుట్టుమిషను, అటక మీద పట్టని ఇత్తడి బిందెలు, పిల్లల ఇంటరు పుస్తకాలు సర్దుకుని ఉండే వెనక గది అది. దానికి సున్నం వేయించి, కర్టెన్లు మార్చి, ఇచ్చేస్తారు. అలా చెయ్యకండి. తూర్పు గాలి వచ్చే గది ఇవ్వండి, అది మీరు పడుకునే గది అయినా సరే. మీ బీరువా వెనక గదిలోకి జరపండి. ఇంట్లో గొడవ అవుతుంది, మా ఇంట్లోనూ అయింది. కానీ మంచి గది మనం ఉంచుకుని పనికిరానిదానికి డబ్బు పుచ్చుకోవడం నాకు మొదటినుంచీ సరిపడలేదు. ఇచ్చే ముందు మే నెలలో ఆ గదిలో మీరు పడుకుని చూడండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఫ్యాను ఎంతసేపు తిరుగుతుందో, స్నానాలగదిలో నీళ్ళు ఎటు వాలుతున్నాయో, తలుపు గడియ లోపలినుంచి సరిగ్గా పడుతుందో లేదో తెలుస్తుంది. పరుపు మీరు వాడేలాంటిదే కొనండి. దుప్పట్లు, తలగడ గలీబులు మూడు జతలు ఉండాలి, వానాకాలంలో మన ఊళ్ళో బట్టలు రెండు రోజులైనా ఆరవు.

నంబర్ల తాళం వద్దు. మనిషి వచ్చినప్పుడు మీరే గేటు తియ్యండి, రైలు ఆలస్యమై తెల్లవారుజామున దిగినా సరే. నిద్ర చెడుతుంది, నిజమే. కానీ ఆ ఐదు నిమిషాల్లో మీకు తెలిసేవి ఏ యాప్‌లోనూ ఉండవు. పెద్దావిడ మెట్లెక్కలేకపోతోందా, పసిబిడ్డకి జ్వరంగా ఉందా, ఇద్దరూ దారిలో పోట్లాడుకుని వచ్చారా, చూడగానే తెలిసిపోతుంది. మంచినీళ్ళు ఇవ్వండి. ఏ కుళాయి నీళ్ళు తాగొచ్చో, గీజరు స్విచ్చి ఎక్కడుందో, గేటు గడియ ఎలా ఎత్తి లాగాలో, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పండి. చెప్పేసి కిందికి వచ్చెయ్యండి. కూర్చుని ఏం ఉద్యోగం, పిల్లలెందరు, ఇంకా పిల్లలు లేరా అని ఆరా తియ్యకండి. అరకు వెళ్ళేవాళ్ళయితే కిరండూలు రైలు పొద్దున్నే బయల్దేరుతుంది, ఎనిమిదింటి ఫలహారం వాళ్ళకి పనికిరాదు. ముందురోజు రాత్రే అడిగి, తెల్లారగట్ల నాలుగు ఇడ్లీలు పొట్లం కట్టి ఇవ్వండి. దానికి వేరే డబ్బు వెయ్యకండి.

పండగ రేటు గురించి నాకు చాలా పట్టుదల ఉంది. సింహాచలంలో వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం ఏడాదిలో ఆ ఒక్కరోజే. ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ, ఇసుకతోట, సీతమ్మధార మీదుగా 32 కిలోమీటర్లు నడిచి మళ్ళీ కొండ దగ్గరికి చేరుకుంటారు. రాత్రంతా నడుస్తారు, చెప్పులు లేకుండా నడిచేవాళ్ళు ఎంతోమంది. ఆ దారి పొడవునా మనవాళ్ళు టెంట్లు వేసి మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పంచుతారు, కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళకి మందు రాస్తారు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోరు. కింద మన గేటు ముందు మజ్జిగ ఊరికే పోస్తూ, అదే రాత్రికి మేడ మీద గది మామూలు రోజుకి మూడింతలకి ఇవ్వడం ఎలా సమర్థించుకుంటామో నాకు అర్థం కాదు. నడిచినవాడూ మేడ మీద దిగినవాడూ ఒక్క దేవుడి దగ్గరికే వచ్చారు. యాప్ తనంతట తాను రేటు పెంచే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్ని మొదటిరోజే తీసెయ్యండి. ఒకటే రేటు, ఏడాది పొడవునా. గిరి ప్రదక్షిణ రాత్రి ఇంకొంచెం తగ్గించినా తప్పులేదు. నడిచి వచ్చినవాళ్ళు పడుకునేది నాలుగు గంటలే, కాళ్ళకి వేణ్ణీళ్ళు మాత్రం బకెట్టుడు పెట్టండి.

గిరాకీ ఉన్నప్పుడు రేటు పెంచడం వ్యాపార ధర్మమే కదా అని మా బావగారు అంటారు. హోటలువాళ్ళకి కావచ్చు. జీతాలిచ్చే మనుషులు, బ్యాంకు అప్పులు, ఖాళీ నెలల నష్టం వాళ్ళకి ఉంటాయి. మన గది ఖాళీగా ఉన్నా మనకి ఖర్చేం లేదు, అది ఎప్పుడో కట్టేసిన ఇల్లు.

ఈ ఊరికి చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎందరో, వైద్యానికి వచ్చేవాళ్ళూ అందరున్నారని నాకనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం నుంచీ, ఒడిశా నుంచీ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వస్తారు. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వస్తారు, అగనంపూడిలో క్యాన్సరు ఆసుపత్రికి వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. వెంట వచ్చిన తల్లికో అన్నకో దొరకదు. వరండాల్లో దుప్పటి పరుచుకుని పడుకుంటారు. అద్దెకిచ్చేవాళ్ళు వీళ్ళని తప్పించుకోవడానికి కారణాలు చెబుతారు: మందుల వాసన, ఇంట్లో దిగులు, ఎన్నాళ్ళుంటారో తెలీదు, మంచి మాటలు రాసే ఓపిక వాళ్ళకి ఉండదు. ఈ కారణాలన్నీ నిజమే. ఆ నిజాల వల్లే వాళ్ళకి ముందు ఇవ్వాలి. ఎందుకొస్తున్నారని బుకింగు సమయంలోనే అడగండి, ఆసుపత్రికైతే రేటు సగం చెయ్యండి. ఎప్పుడు డిశ్చార్జి చేస్తారో వాళ్ళకే తెలీదు కాబట్టి ముందే వెళ్ళిపోతే మిగతా రోజుల డబ్బు వెనక్కి ఇచ్చేలా నియమం పెట్టుకోండి.

వాళ్ళకి కావలసినవి వేరు. స్నానాలగదిలో ప్లాస్టిక్ స్టూలు, గోడకి పట్టుకునే కమ్మీ, చేతులున్న కుర్చీ, జావ కాచుకోవడానికి ఓ స్టవ్వు. కంటి ఆపరేషను అయినవాళ్ళకి మెట్లు ప్రమాదం. వాళ్ళకి మేడ మీది గది కాక కింద హాల్లోనే మంచం వేసి మీరు పైకి వెళ్ళండి. పొగ, దుమ్ము తగలకూడదు కాబట్టి ఆ నాలుగు రోజులూ సాంబ్రాణి వెయ్యకండి, ఇంట్లో పోపులు తలుపు వేసుకుని పెట్టుకోండి. వాళ్ళు వెళ్ళాక పక్కబట్టలు వేణ్ణీళ్ళలో ఉడికించి ఎండలో ఆరెయ్యండి. చారు చేసిన రోజు ఓ గిన్నె పైకి పంపండి. ‘ఏం తిన్నారు?’ అని అడగడం చాలు, రోగం పేరు వాళ్ళు చెబితే వినండి, అడక్కండి.

ఇప్పుడు చెప్పేది చుట్టాలకి అస్సలు నచ్చని సలహా. ఇంటిపేరు చూసి, ఊరడిగి, ఆ ఊళ్ళో ఏ వీధి అని అడిగి, చివరికి ‘మీరేవిట్లు?’ దగ్గరికి చేర్చే సంభాషణ మన ఊళ్ళలో ఇల్లు అద్దెకి వెతుక్కున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఒక్క రాత్రి గదికి కూడా కొందరు అదే దారి పడుతున్నారు. ఆ ప్రశ్న మీ గేటు దగ్గర వినపడకూడదు. సూటిగానూ వద్దు, డొంకతిరుగుడుగానూ వద్దు. కింద ఒకరికి స్టీలు గ్లాసు, పైన వేరొకరికి పేపరు గ్లాసు అనే ఏర్పాటూ వద్దు. పైన వాడే పళ్ళేలు, గ్లాసులు మీ వంటింట్లో మీ పళ్ళేలతోనే కలిపి తోమించండి. ఇది చెయ్యలేమనుకుంటే గది ఇవ్వడం మొదలుపెట్టకండి. ఇంటికి పిలిచి డబ్బు తీసుకుని ఒకణ్ణి కించపరచడానికి ఏ ఇంటి ఆచారమూ సాకు కాదు.

పెళ్ళయిందా అని కూడా అడక్కండి. 18 నిండిన ఇద్దరు పెళ్ళి లేకుండా ఒక గదిలో ఉండడం మన చట్టంలో నేరం కాదు. ఇద్దరి గుర్తింపు కార్డులూ తీసుకోండి, వయసు చూసుకోండి, అక్కడితో మీ పని అయిపోయింది. ఎదురింటావిడ అడిగితే, మా ఇంటికి వచ్చినవాళ్ళండీ అనండి.

తిండి విషయంలో మాత్రం మీ ఇంటి పద్ధతి దాచుకోనక్కర్లేదు. దసరా సెలవుల్లో బెంగాలు నుంచి కుటుంబాలకి కుటుంబాలే విశాఖ, అరకు చూడ్డానికి వస్తాయి. ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి వంజరాలు తెచ్చుకుంటే వాళ్ళకి వండుకోవాలని ఉంటుంది. మీ వంటింట్లో నీచు వండకపోతే ఆ మాట ప్రకటనలోనే రాయండి, డాబా మీద రేకుల కింద ఓ స్టవ్వు, ఓ కడాయి, నీళ్ళ కుళాయి ఏర్పాటు చెయ్యండి. ఆవనూనె వాసన ఒక పూటకి పోతుంది. వాళ్ళు ఓ ముక్క కిందికి పంపిస్తే తిననివాళ్ళయినా గిన్నె ఖాళీగా తిప్పి పంపకండి.

నియమాల దగ్గర మాత్రం నేను గట్టిమనిషిని. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ళ వివరాల ఫారం ఆన్‌లైన్లో నింపాలి, ఒక్క రాత్రికైనా సరే, మీ స్నేహితుడి స్నేహితుడైనా సరే. అపార్టుమెంటులో ఉంటే అసోసియేషన్ మీటింగులో చెప్పి, అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే పెట్టండి. సొంత ఇల్లయితే కూడా అటు రెండిళ్ళకీ ఇటు రెండిళ్ళకీ ముందు వెళ్ళి చెప్పి, మీ ఫోను నంబరు ఇచ్చి రండి. వీధిలో కారు అడ్డంగా పెట్టారని రాత్రి పదింటికి ఫోను వస్తే మీరే వెళ్ళి తీయించాలి. ఇంటి లోపల కెమెరాలు వద్దు. 2024 ఏప్రిల్ 30 నుంచి ఎయిర్‌బీఎన్‌బీయే వాటిని నిషేధించింది. గేటు దగ్గర కెమెరా ఉంటే ఆ సంగతి ప్రకటనలో రాయండి.

తుపాను కాలం ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లూ కరెంటు స్తంభాలూ ఎలా పడిపోయాయో ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. అక్టోబరు, నవంబరు నెలల్లో పైన ఓ డ్రమ్ము నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంచండి. హెచ్చరిక వచ్చాక బయల్దేరనివాళ్ళకి డబ్బంతా వెనక్కి ఇచ్చెయ్యండి. అప్పటికే దిగి ఇరుక్కుపోయినవాళ్ళ దగ్గర ఆ అదనపు రోజులకి ఏమీ తీసుకోకండి. అన్నం మనతోపాటే పెట్టండి.

చుక్కల గురించి రెండు మాటలు చాలు. అడగొద్దు, చూసుకోవద్దు. తక్కువ వేసినవాళ్ళు చెప్పింది నిజమైతే బాగుచెయ్యండి.

ఇవన్నీ చెయ్యాలంటే ఒక షరతు ఉంది, అది అన్నిటికంటే ముఖ్యం. ఈ డబ్బు మీద ఆధారపడకూడదు. గది అద్దెతో ఇంటి లోను వాయిదా కట్టాలని లెక్క వేసుకున్న ఇంట్లో పండగ రేటు తగ్గదు, లోపాలు ముందు రాయడం కుదరదు, ఆసుపత్రివాళ్ళకి సగం రేటు అసలే కుదరదు. నిజంగా డబ్బు అవసరం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది వేరు. ఆ పోర్షను ఓ కుటుంబానికి నెలవారీ అద్దెకి ఇచ్చుకోండి, గౌరవంగా వస్తుంది, మంచి తోడూ ఉంటుంది. రోజువారీ గది మిగులు ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని. లెక్క మాత్రం రాయండి, ఆదాయపు పన్నులో చూపించండి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. ఒక్క గదితో, పైన చెప్పిన రేట్లతో, మీరు అక్కడిదాకా వెళ్ళరు.

క్యాలెండరులో తారీకులు తెరిచే ముందు మీవాళ్ళ రోజులు మూసెయ్యండి. సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారు, వేసవిలో మనవలు వస్తారు, మావయ్యగారి తద్దినం ఉంటుంది. ఎక్కువ డబ్బు వచ్చే రోజులు కూడా సరిగ్గా ఇవే, అందుకే ఏడాది మొదట్లోనే మూసెయ్యాలి. సంక్రాంతికి వచ్చిన ఆడపిల్ల తన గదిలో సూట్‌కేసు పెట్టుకోవడానికి అద్దెవాళ్ళు ఎప్పుడు వెళ్తారా అని హాల్లో కూర్చోకూడదు.

ఇంట్లో ఏ ఒక్కరైనా ‘ఇక చాలు’ అంటే ఆపెయ్యండి. ఎక్కువమంది సరేనన్నారు కదా అని కొనసాగించకండి. మెట్లు కడిగే మనిషికి అలసట వచ్చినా, అత్తగారికి కొత్త ముఖాలు చూసి చూసి విసుగొచ్చినా, అది చాలు. అప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి మాత్రం మాట తప్పకండి. ఆసుపత్రి తేదీలు పెట్టుకుని ఉంటారు, రైలు టికెట్లు కొనుక్కుని ఉంటారు. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా గది అలాగే ఉంచి, ఆఖరివాళ్ళు వెళ్ళాక యాప్‌లోంచి తీసెయ్యండి. కొనిపెట్టుకున్న అదనపు దుప్పట్లు, తలగడలు ఉతికించి కేజీహెచ్‌లో వెంట వచ్చినవాళ్ళకి ఇచ్చి రండి.